కళ్లు మూయని కాలేబు

తిరుమలగిరిలో హరికిషన్ ఇంటి మేడమీది గదికి శనివారం మధ్యాహ్నం రెండున్నర కాగానే రాత్రి వచ్చేస్తుంది. కిటికీలకు దుప్పట్లు తగిలిస్తారు. ప్రొజెక్టర్ వెలుగు గోడమీద పడుతుంది. ఏడెనిమిది మంది నడివయసు మగవాళ్లు చాపలమీద చేరగిలబడతారు. కొరియా, జపాన్, హాంకాంగ్, ఇండోనేషియా సినిమాలు. మన థియేటర్లకు రానివి, వచ్చినా కత్తెర పడి సగమై వచ్చేవి, అక్కడ నిండుగా ఆడతాయి. ఒక సినిమాలో చేపల మార్కెట్ ఐసుగదిలో పద్నాలుగు మంది ఒకణ్ని చుట్టుముడతారు. జపాన్ మంగలి ఒకడు గడ్డం గీయించుకోడానికి వచ్చిన మనిషితో చాలా మర్యాదగా, చాలాసేపు మాట్లాడతాడు. ఆ మర్యాద ఎక్కడికి పోయి తేలుతుందో గదిలో అందరికీ తెలుసు. తెలిసే వచ్చారు.

ఆ గదికో ఆనవాయితీ ఉంది. ముందుగా కళ్లు మూసుకున్నవాడు అందరికీ సమోసాలు తెప్పించాలి. తీర్పరి హరికిషన్. సినిమా అంతకుముందే ఒకసారి చూసేసి ఉంటాడు కాబట్టి గోడకు వీపు పెట్టి, జనం మొహాలు చూస్తూ కూర్చుంటాడు.

"తిరుమల్ ఔట్. రెప్ప పడ్డది. ఉల్లిగడ్డవి కాదు, కీమా సమోసాలు తెప్పియ్."

"దుమ్ము పడ్డది భాయ్ కంట్ల."

"రక్తం దుమ్మా అది? లెవ్వు, లెవ్వు."

పదకొండేళ్లలో కాలేబు ఒక్కసారీ ఔట్ కాలేదు. అందుకే ఆ గదిలో అతనికి గోడకు ఆనుకునే చోటు, ఒక దిండు, కొంచెం భయంతో కలిసిన గౌరవం. "ఈయనకు గుండె ఉండాల్సిన కాడ రాయి ఉన్నది" అని హరికిషన్ కొత్తవాళ్లకు పరిచయం చేస్తాడు.

కాలేబుకు నలభై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. రెజిమెంటల్ బజార్‌లో ఫ్లెక్సీల దుకాణంలో డిజైనర్. పుట్టినరోజులు, సంతాపాలు, నాయకుల స్వాగతాలు, అన్నిటికీ మొహాలు అతని చేతిమీదుగానే పోతాయి. ఫోటో లేకుండా వచ్చినవాణ్ని గోడ దగ్గర నిలబెట్టి తన ఫోన్‌తోనే తీస్తాడు. దాంట్లో ఒక కెమెరా యాప్ ఉంది. అది నల్లమచ్చలు మింగేస్తుంది, చర్మం రంగును సమం చేస్తుంది, మీదనుంచి లేత గులాబీ కాంతి ఒకటి పూస్తుంది. మన ఊరి ఫ్లెక్సీలమీద నల్లటి నాయకుడు ఒక్కడూ ఎందుకు కనిపించడో తెలుసుకోవాలంటే కాలేబు ఫోన్ చూస్తే చాలు.

ఇంట్లో ఉండేది అతనూ, అక్క ఆలిసూ. అమ్మానాన్నలు ఉద్యోగాలకని తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి, ఇక్కడే పోయారు. పన్నెండేళ్లు పెద్దదైన ఆలిస్ ఇతన్ని పెంచింది. మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి ఈ జూన్‌లోనే రిటైరైంది. తమ్ముడి శనివారాల గురించి ఆమెకు తెలుసు. "శనివారం ఆ మేడమీద రక్తం, ఆదివారం గుళ్లో యేసు పాటల నిండా రక్తం. సోమవారం ఒక్కటే నీకు కాస్త పాలు తాగే రోజు" అని గ్లాసు చేతికిచ్చేది.

హింస చూస్తే మనిషి బండబారిపోతాడని పాస్టరుగారంటారు. హింస చూస్తే మనలో ఉన్న హింస కడుక్కుపోతుందని హరికిషన్ ఎక్కడో చదివి చెబుతాడు. ఒకరికి సినిమా విషం, ఇంకొకరికి మందు. చూసే మనిషి మాత్రం ఇద్దరికీ వట్టి సీసాయే, ఏది పోస్తే అది నిండుతుంది. కాలేబు సంగతి అంతకన్నా సాదాగా ఉంటుంది. అతను పిరికివాడు. చిన్నప్పుడు టీకాల నర్సును చూసి మంచం కిందికి దూరేవాడు. గుడ్ ఫ్రైడే నాడు ప్రసంగీకుడు ఒక్కొక్క మేకూ ఎక్కడ దిగిందో రుచి చూస్తున్నట్టు వర్ణిస్తుంటే, పెద్దలందరూ కన్నీళ్లతో వింటుంటే, అతను అక్క చీరకొంగు చెవుల్లో కుక్కుకునేవాడు. పంతొమ్మిదో ఏట స్నేహితుడింట్లో హాంకాంగ్ క్యాసెట్ ఒకటి చూశాడు. అదే మొదటిసారి, భయానికి నాలుగు అంచులు కనిపించడం. టీవీ పెట్టె దాటి బయటికి రాదు. తొంభై ఏడు నిమిషాల్లో అయిపోతుంది. ఈనాటికీ ప్రతి సినిమాకు ముందు అతను అడిగే ప్రశ్న ఒకటే, నిడివి ఎంత అని. నాలుగున్నరకు చచ్చినట్టు అయిపోయి తీరే భయం కంటే హాయి అతనికి ఇంకోటి తెలియదు.

ఆగస్టులో ఆలిస్ చెప్పులో గులకరాయి ఒకటి ఇరుక్కుంది. షుగర్ ఇరవై ఏళ్లుగా ఉంది, పాదాలకు స్పర్శ తగ్గిపోయింది. పెన్షన్ కాగితాల కోసం రోజంతా తిరిగి సాయంత్రం చెప్పు విప్పితే రాయి బయటపడింది. ఎడమ బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు. నొప్పి లేదు. అదే అసలు తంటా అన్నాడు డాక్టరు. రోజూ కట్టు మార్చాలి, రోజూ ఫోటో తీసి పంపాలి.

కట్టు కట్టే నర్సు సుకన్య బన్సీలాల్‌పేట్ నుంచి సోమవారం, గురువారం వస్తుంది. నోరు ఊరుకోని మనిషి. మిగతా రోజులు కాలేబే కట్టాలని మొదటి రోజే కూర్చోబెట్టి నేర్పింది.

"అన్నా, గిటు చూడు. పుండు అంచు గులాబీ రంగుల ఉంటే మంచిది. తెల్లగ నానినట్టుంటే నాకు ఫోన్ చెయ్యి. నల్లగ కనబడితే ఎవ్వరికీ ఫోన్ చెయ్యకు, ఆటో ఎక్కు. వాసన సుత చూడాలె. సమజైందా?"

కాలేబు తలూపాడు.

"వాడు క్యాలెండర్ చూస్తున్నాడమ్మా సుకన్యా. కాలు ఇక్కడుంది" అంది ఆలిస్.

మర్నాడు అతనొక్కడే. కట్టు విప్పుకుంటూ వచ్చాడు. చివరి పొర పుండుకు అంటుకుంది. సెలైన్ పోసి నెమ్మదిగా లాగాడు. లోపల ఎర్రగా, తడిగా, చిన్న నోరు తెరుచుకున్నట్టు ఒక గుంట. చెవుల్లో ఈల మోగింది. మోకాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. తెలివొచ్చేసరికి నేలమీద ఉన్నాడు. ఆలిస్ మంచంమీద నుంచి గ్లాసులో నీళ్లు అతని మొహాన చల్లుతోంది.

"ఏరా, తలకాయలు తెగిపడుతుంటే సమోసాలు తింటావట. ఇంత పుండుకే పడ్డావా?"

"అది వేరక్కా."

"ఏం వేరు?"

ఇది వెచ్చగా ఉంది. ఇది అక్కది. దీని నిడివి ఎంతో ఎక్కడా రాసి లేదు.

బుధవారం ఉపాయం తట్టింది. డాక్టరుకు ఫోటో కోసం ఫోన్ ఎత్తాడు కదా, తెరమీద పుండు కనిపించింది. చుట్టూ నలుపు చట్రం, మధ్యలో అరచేయంత బొమ్మ. చెవుల్లో ఈల లేదు. మోకాళ్లు నిలబడ్డాయి. దుకాణం నుంచి స్టాండ్ తెచ్చి ఫోన్‌ను దానికి బిగించాడు. చేతులు పాదం దగ్గర, చూపు తెరమీద. కడగడం, తుడవడం, మందు, గాజుగుడ్డ, కట్టు. పావుగంట. వాసన పడక ముక్కు కింద దట్టంగా బామ్ రాసుకున్నాడు. ఫోటో వెళ్లింది. డాక్టరు దగ్గర్నుంచి బొటనవేలు పైకెత్తిన చేతి బొమ్మ వచ్చింది, బాగుంది, అలాగే చెయ్యండి అని.

శనివారం ఈ సంగతి మేడమీద చెప్పాడు. "కడుపులో కెమెరా పెట్టి ఆపరేషన్ చేసే డాక్టర్లు కూడా టీవీ చూసే చేస్తారు తెలుసా?"

"అరె వా. డైరెక్టర్ అయిపోయినవ్ భాయ్" అన్నాడు హరికిషన్.

ఆ రెండోవారంలో సుకన్య అత్తగారు పోయారు. ఆమె ఊరికెళ్లింది, పన్నెండు రోజులు రాలేదు. పన్నెండు కట్లు కాలేబువే, పన్నెండు ఫోటోలూ అతనివే. డాక్టరు నుంచి పన్నెండు బొటనవేళ్లు. ఊళ్లో ఉన్న సుకన్యకు కూడా పంపేవాడు. "మస్తు చేస్తున్నవన్నా, నా నౌకరి ఊడగొట్టేటట్టున్నవ్" అని ఆమె గొంతు మెసేజీ పెట్టింది. దాన్ని అక్కకు వినిపించి గర్వపడ్డాడు.

పదమూడో రోజు పొద్దున సుకన్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందన్నా ఈ వాసన?"

"ఏ వాసన?"

ఆమె అతని ముక్కు కింద తెల్లటి బామ్ చార చూసింది. చెప్పులు విడిచి నేరుగా మంచం దగ్గరికెళ్లి కట్టు విప్పింది. తర్వాత ఏమీ మాట్లాడలేదు. సుకన్య మాట్లాడకపోవడం కాలేబు ఎన్నడూ ఎరగడు.

"ఫోన్ ఇయ్యి. నిన్నటి ఫోటో తియ్యి."

తెచ్చిచ్చాడు. ఆమె ఫోన్‌ను పాదం పక్కన ఆనించి పట్టుకుంది. "ఇప్పుడు రెండూ చూడు."

తెరమీద పసిబిడ్డ మడమలాంటి గులాబీరంగు పాదం. పక్కనున్న పాదంలో బొటనవేలూ దాని పక్కవేలూ అడుగువైపు ఆరిపోయిన దీపం వత్తుల్లా నల్లగా ఉన్నాయి. ఆ నలుపు చుట్టూ వాపు, బూడిదరంగు తడి. మూడు క్షణాలు చూసి గోడ పట్టుకున్నాడు.

"గిది ఫ్లెక్సీ కొట్టించనీకి తీసిన ఫోటోనా అన్నా?"

ఆమెకు ఆ యాప్ గురించి తెలియదు, నోటికొచ్చింది అంది. కాలేబుకు మాత్రం ఆ యాప్ గుర్తొచ్చింది. వార్డు మెంబర్ల చెంపలమీద నలుపు తీసే చేత్తోనే అక్క కాలిమీద నలుపును పన్నెండు రోజులు తీసిపారేశాడు. కళ్లతో చూస్తే కనిపించేది. ముక్కుతో చూసినా తెలిసేది. రెండూ తనే మూసుకున్నాడు.

"ఏమైందిరా?" అంది ఆలిస్. ఆమెకు అరికాలు కనిపించదు, మోకాలు అంత వంగదు. కొద్దికొద్దిగా ముదిరిన వాసన ముక్కుకు అలవాటైపోయింది.

"ఆటో తెస్తానక్కా" అన్నాడు.

రెండు వేళ్లు తీసేశారు. నాలుగో రోజు ఇంటికి పంపిస్తూ సర్జన్ నీలం మార్కర్ పెన్నుతో పాదంమీద, చీలమండకు కాస్త కింద, చుట్టూ ఒక గీత గీశాడు. కందిన రంగు ఆ గీతకు ఇవతల, వేళ్ల వైపు ఉంది.

"మూడు గంటలకోసారి చూడండి. ఇది గీత దాటిందంటే లోపల చీము మళ్లీ పాకుతున్నట్టు. అప్పుడు వెంటనే తీసుకురండి. రేపు చూద్దాం అనుకున్నారంటే మోకాలి కింద వరకు పోతుంది."

చామనఛాయ కాలిమీద ఎరుపు ఎర్రగా ఉండదు. వంకాయ తొక్కలా, దేనిదో నీడ పడినట్టు ఉంటుంది. ఎక్కడ ఆగిందో చెప్పడానికి అంచు దొరకదు. కాలేబు ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేశాడు. తీసేశాక కూడా పాదం ముందు కూర్చుంటే చెయ్యి జేబులోకే పోయేది. చేతిని తొడ కింద పెట్టుకుని చూసేవాడు. రెండు క్షణాలు. మూడు. చెవుల్లో ఈల మొదలయ్యేది, తల తిప్పుకునేవాడు, మళ్లీ చూసేవాడు. రాత్రి అలారాలు పెట్టుకుని లేచాడు. ఒక అలారానికి మెలకువ రాదేమోనన్న భయంతో అసలు పడుకోవడమే మానేశాడు. అక్క కాలు మోకాలి దగ్గర ఆగిపోయినట్టు, ఆమె చీర కుచ్చిళ్లు ఒకవైపు ఖాళీగా ఊగుతున్నట్టు, మెలకువగా ఉండగానే కనిపించేది. దానికి చట్రం లేదు.

శనివారం వచ్చింది. తొమ్మిదింటికి నీడ గీతకు లోపలే ఉంది. పన్నెండింటికి గీతను ఆనుకున్నట్టుంది, లేనట్టూ ఉంది. రెండున్నరకు హరికిషన్ మెసేజీ పెట్టాడు, ఇయ్యాల కొరియాది, రెండు గంటల ఎనిమిది నిమిషాలు, నీ దిండు ఖాళీగున్నది అని. కాలేబు ఫోన్ పక్కన పెట్టేశాడు. మూడింటికి దుప్పటి తీశాడు. లోపలివైపు గీత మీద నీడ ఉందా, ట్యూబులైటు వెలుగు అలా పడిందా? సుకన్యకు ఫోన్ చేశాడు.

"ఫోటో పెట్టనా సుకన్యా?"

"వద్దు. నీ ఫోటోలు నేను నమ్మ. కండ్లతోటి చూసి చెప్పు. దాటిందా, దాటలే?"

"తెలీడం లేదు."

"తెలుస్తది. నేను లైన్‌లనే ఉంటా. చూడు."

ఈలోగా ఆలిస్ దుప్పటి లాగి పాదంమీద కప్పేసుకుంది. "ఉన్నచోటే ఉందిరా. నాకు తెలుస్తోంది."

"నీకు కాలే తెలియదు కదక్కా."

"నువ్వు బెదిరిపోయి నన్ను మళ్లీ అక్కడికి ఈడుస్తున్నావు. ఈసారి వెళ్తే కాలుతో తిరిగి రానురా కాలేబూ. సోమవారం సుకన్య వచ్చి చూస్తుంది. ఉంచెయ్."

ముప్పై ఐదేళ్లు బ్లాక్‌బోర్డు ముందు నిలబడి, అరవకుండానే క్లాసును హడలెత్తించిన గొంతు అది. సన్నగా వణుకుతోంది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో భయం అంతా తన వాటాకే వచ్చిందనుకున్నాడు కాలేబు. ఆమె దాచుకున్నది ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకున్న వేళ్లలో కనిపించింది. ఆమె చూడొద్దంటోంది. అతనికి చూడాలని లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే సోమవారం దాకా హాయిగా ఉండొచ్చు. ఆ హాయి చేతికందేంత దగ్గరగా ఉంది.

"కుర్చీలోకి రా అక్కా. గుమ్మం దగ్గరికి."

"ఎందుకు?"

"వెలుగు కావాలి."

ఆమె కదల్లేదు. అతనే చంకల కింద చేతులు వేసి ఎత్తాడు, కుర్చీలో కూర్చోబెట్టి గుమ్మం దాకా జరిపాడు. పాదాన్ని స్టూలు మీద పెట్టి ఎదురుగా నేలమీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. సందులోంచి ఎవరో స్కూటర్ తోసుకుంటూ పోతున్నారు. ఎండ నేరుగా పాదంమీద పడింది.

చూశాడు. ఈల మొదలైంది. చూస్తూనే ఉన్నాడు. నీలం గీత రెండుచోట్ల చెరిగింది. బయటివైపు చర్మం మామూలుగా ఉంది. వెనకవైపూ అంతే. లోపలివైపు, చీలమండ ఎముక కింద, నీడ ఒకచోట సన్నటి నాలుకలా గీత మీదికెక్కి అవతలికి దిగింది. కళ్లు చెమర్చి బొమ్మ అలుక్కుపోయింది. భుజానికి తుడుచుకుని మళ్లీ చూశాడు. అరచేతి వెనకభాగం ఆనించాడు. గీతకు పైన చల్లగా, ఆ నాలుక మీద వేడిగా ఉంది. చెయ్యి జరిపి ఇంకోసారి ఆనించాడు. వేడే.

"దాటింది" అన్నాడు ఫోన్‌లోకి.

"ఎంత?"

"బియ్యపుగింజంత."

"ఆటో ఎక్కు. నేను అటే వస్తున్న."

ఆలిస్ మొహం తిప్పుకుంది. ఏడుస్తోందో ప్రార్థన చేస్తోందో అతను అడగలేదు. ఆటోలో ఆమె పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆ నాలుక ఇంకాస్త పొడుగైనట్టనిపించేది. ఆసుపత్రి ఎంతసేపట్లో వస్తుందని డ్రైవర్ని అడిగాడు. "ట్రాఫిక్ ఎట్లుంటే గట్ల" అన్నాడతను.

ఆ సాయంత్రమే కుట్లు విప్పి, లోపల మడమ వైపు దారి చేసుకుంటున్న చీమును కడిగేశారు. ఇంకో పూట ఆగి ఉంటే తను ఇంకో మాట చెప్పాల్సి వచ్చేదన్నాడు సర్జన్. కాలు మిగిలింది. ఎన్నాళ్లకని అడిగితే, షుగర్ కాలికి ఎవరూ పూచీ ఇవ్వలేరన్నాడు.

మళ్లీ కుట్లు వేయించుకుని పదిరోజులకు ఇంటికొచ్చారు. భయపెట్టే సినిమాలు చూడటం అతన్ని బండగానూ చేయలేదు, ధీరుణ్నీ చేయలేదు. రోజూ కట్టు విప్పుతుంటే చివరి పొర దగ్గర చెవుల్లో ఈల మోగుతూనే ఉంది. బామ్ రాసుకోవడం మాత్రం మానేశాడు. సుకన్యను అక్క దగ్గర కూర్చోబెట్టి రెండు శనివారాలు హరికిషన్ దగ్గరికి కూడా వెళ్లొచ్చాడు. సినిమా బాగుందనే చెప్పాడు.

మొన్న కట్టు విప్పబోతుంటే ఆలిస్ అతని చెయ్యి పట్టుకుంది.

"గోడమీద అద్దం దించు."

"ఎందుకక్కా?"

"నేనూ చూస్తాను. రెండు నెలల నుంచి నా కాలు నీ మొహంలో చూసుకుంటున్నాను. నీ మొహం ఏమంత బాగాలేదు."

అతను అద్దం దించి పాదం అడుగున వాలుగా పట్టుకున్నాడు. ఆమె ముందుకు వంగింది. రెండు వేళ్లు ఉండాల్సిన చోట ముడుచుకుపోయిన చర్మం, నల్లదారం కుట్లు. ఆమె వేళ్లు అతని భుజంలోకి గోళ్లతో సహా దిగాయి. తర్వాత పెదాలు కదిపి కుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏడో కుట్టు దగ్గర ఆగింది.

"అక్కడ ఆ నల్లదేమిటి? దారమా?"

కాలేబు అద్దం ఆమె చేతికిచ్చి మొహం పాదానికి దగ్గరగా పెట్టాడు.

"తెలీడం లేదక్కా. కదలకు. చూస్తున్నా."